లాగే బరువు, మోసే బరువు

"మావయ్యా, మా ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది. ట్రైలర్ నిండా సామాను సర్దినా 6,500 దాటదు. ఇంకా ఆలోచించేదేముంది?"

మా మేనల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఇద్దరు పిల్లలు. అక్కా బావగారూ సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. వాళ్లకి కొలరాడో కొండలు చూపించాలని వాడి కోరిక. హోటళ్లలో అమ్మకు వంట కుదరదు, నాన్నకు బయటి తిండి పడదు. అందుకని 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ ఒకటి చూశాడు. పిల్లలకు ఒకదాని మీద ఒకటి రెండు బెర్తులు, పెద్దవాళ్లకు మంచం, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న బండి. బయానా ఇవ్వబోతూ నాకు ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తాను, అందాకా సంతకం పెట్టకురా" అన్నాను. పన్నెండేళ్లుగా ట్రైలర్ లాగుతున్నవాణ్ణి. వాడు చెప్పిన రెండు అంకెల్లోనూ తప్పు లేదు. వాడు చూడని మూడో అంకె ఒకటుంది. నా భయమంతా దానిగురించే.

ఆ అంకె ఎక్కడో దాక్కుని లేదు. అమెరికాలో అమ్మే దాదాపు ప్రతి కారుకీ, పికప్ ట్రక్కుకీ డ్రైవర్ తలుపు తెరిస్తే ఆ పక్క ఇనప స్తంభం మీద తెలుపు, పసుపు రంగుల స్టిక్కరు ఒకటి అంటించి ఉంటుంది. టైర్లలో గాలి ఎంతుండాలో చెప్పే స్టిక్కరే అది. గాలి కోసం చూసేవాళ్లు కూడా దాని పై వరసను చదవరు. బండిలో ఎక్కే మనుషుల బరువు, సామాను బరువు కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. మావాడి ట్రక్కు మీద 1,480 పౌండ్లని ఉంది. దీన్నే పేలోడ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే మోతబరువు.

వాకిట్లోనే చెక్క పలక మీద కాగితం పెట్టి లెక్క వేశాం. నలుగురూ కలిసి 440 పౌండ్లు. అక్కా బావగారూ మరో 300. ట్రక్కు వెనకతొట్టిలో వేద్దామనుకున్న జనరేటరు, ఐసు పెట్టె, పందిరిగుడ్డ, మడత కుర్చీలు అన్నీ కలిపి 250. ట్రైలర్‌ని తగిలించే ఇనప సరంజామా 90. మొత్తం 1,080. ఇంకా 400 పౌండ్లే మిగిలాయి. ట్రైలర్ ముందుకొస ట్రక్కు వెనక వేలాడుతూ దాని మీద మోపే బరువు 840 పౌండ్ల దాకా ఉంటుంది. అంటే బండి ఇంకా కదలకముందే 440 పౌండ్లు ఎక్కువైంది. ఆ 400తో సరిపెట్టుకోవాలంటే వాడు లాగగలిగేది సుమారు 3,100 పౌండ్ల ట్రైలరు. ప్రకటనలో చూసిన 11,000 ఆరుగురు ఎక్కేసరికి మూడు వేలకు దిగింది.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పదకొండు వేలు అబద్ధమా?" అన్నాడు.

అబద్ధం కాదు. దాన్ని ఎలా కొలుస్తారో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఒకప్పుడు ఏ కంపెనీ లెక్క దానిదే. తర్వాత వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో జె2807 అనే ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే పదకొండు మైళ్ల పైచిలుకు ఎత్తును, కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, ట్రైలర్‌తో ఎక్కి చూపించాలి. మామూలు పికప్ అయితే వేగం గంటకు 40 మైళ్ల కంటే తగ్గకూడదు. బ్రేకులకూ, నిలకడకూ వేరే పరీక్షలున్నాయి. గట్టి పరీక్షలే. కానీ ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే. ఒక్కొక్కరు 150 పౌండ్లు. ట్రైలర్ ముందుకొస మోపే బరువు పదోవంతు. అమ్మా నాన్నా, పిల్లల సైకిళ్లు, జనరేటరు ఆ లెక్కలోకి రావు. ఆ పదకొండు వేలు ఇంజనుకీ, గేర్లకీ, రేడియేటర్‌కీ ఉన్న లాగే సత్తా. స్టిక్కరు మీది 1,480 స్ప్రింగులకీ, ఇరుసుకీ, టైర్లకీ ఉన్న మోసే సత్తా. కుటుంబంతో వెళ్లేవాళ్లకు దాదాపు ఎప్పుడూ రెండోదే ముందు అయిపోతుంది.

ఇంకో సంగతి. ఒకే మోడల్ ట్రక్కులు పక్కపక్కనే నిలబెట్టినా వాటి మోతబరువు ఒకటే ఉండదు. పైకప్పంతా అద్దం, తోలు సీట్లు, పెద్ద చక్రాలు, కరెంటుతో తెరుచుకునే మెట్లు ఎన్ని పెంచితే అన్ని పౌండ్లు మోతబరువులోంచి పోతాయి. కుటుంబానికి సౌకర్యంగా ఉంటుందని కొన్న ఖరీదైన ట్రక్కు మీద చిన్న అంకె, పక్కన చౌకరకం మీద పెద్ద అంకె ఉండటం మామూలే. అందుకే పుస్తకంలోనో ప్రకటనలోనో ఉన్న అంకె చూసి కొనవద్దంటాను. కొనబోయే బండి తలుపు తీసి, ఆ బండి స్టిక్కరే చదవండి.

*

మేం లెక్కలు వేస్తుంటే బావగారు పక్కన కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఇంగ్లీషు మాటలు అడ్డం రాకుండా మావాడు వివరించాడు: "నాన్నా, ట్రైలర్‌కి ముందు పొడుగ్గా ఇనప కొస ఉంటుంది. అది ట్రక్కు వెనక గుండు మీద కూర్చుంటుంది. దాని మీద పడే బరువు గురించి మాట్లాడుకుంటున్నాం."

"నొగ మీది బరువేగా," అన్నారు బావగారు. "దానికింత చర్చెందుకు? ముందుకి కాస్త మొగ్గు ఉండాలి. ఎక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి గొంతులు బిగుస్తాయి."

ట్రైలర్ యంత్రశాస్త్రంలో సగం ఆయన మూడు ముక్కల్లో చెప్పేశారు. వయసులో ఉన్నప్పుడు మిరపకాయ బస్తాలు వేసుకుని గుంటూరు దాకా బండి తోలినవారు. బస్తాలన్నీ ఎక్కించాక కాడి కింద చెయ్యి పెట్టి ఒకసారి ఎత్తి చూసుకునేవారట. చేతికి బరువు తెలియాలి, కానీ ఎత్తలేనంత ఉండకూడదు. తేడా వస్తే ఒక బస్తాను జానెడు వెనక్కో ముందుకో జరిపేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి మొగ్గుతుంది కాబట్టి తాను నొగ మీదికి జరిగి కూర్చునేవారు. పల్లం దిగేటప్పుడు వెనక్కి జరిగేవారు. ఇరుసుకు ముందున్న బరువూ, వెనకున్న బరువూ తక్కెడ లాగా తూగుతాయి. ట్రైలర్‌లోనూ అంతే. ఇరుసు ముల్లు, నొగ ఒక తక్కెడ చెయ్యి. ఇక్కణ్ణుంచి ఆ కొస బరువును నొగబరువనే అంటాను. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

అయితే ఎడ్లబండికీ ట్రైలర్‌కీ ఒక తేడా ఉంది. అది వేగం. బండికి నొగబరువు కాస్త ఉంటే చాలు. అమెరికా ట్రావెల్ ట్రైలర్‌కి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 6,500 పౌండ్ల ట్రైలర్‌కి 13 శాతం అంటే 845. అందరూ ఎంచుకునే నడిమి అంకె ఇదే. యూరప్‌లో కారవాన్లకు 5 నుంచి 7 శాతమే చాలంటారు, చాలా కార్లకు 75 నుంచి 100 కిలోల హద్దు ఉంటుంది. భౌతికశాస్త్రం రెండు చోట్లా ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు? జర్మనీలో కారవాన్ లాగే కారు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే 100. టెక్సస్ రహదారుల మీద 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్ల బోర్డులుంటాయి. వేగం పెరిగితే నొగ మీద ఇంకా గట్టి పట్టు కావాలి.

ఎందుకో బల్ల మీద చూడొచ్చు. నాలుగడుగుల చెక్కను ఏటవాలుగా పెట్టండి. బొమ్మ కారుకి వెనక చిన్న కొక్కెం, దానికి ఒకే ఇరుసున్న చెక్క ట్రైలరు తగిలించండి. ట్రైలర్ ముందు భాగంలో నాలుగు నాణేలు టేపుతో అంటించి వదలండి. దిగుతుండగా తోకను వేలితో పక్కకు కొట్టండి. ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి సర్దుకుంటుంది. ఇప్పుడు అవే నాణేలు ఇరుసు వెనక అంటించి మళ్లీ వదలండి. అదే దెబ్బ కొట్టండి. మొదటి ఊపు కంటే రెండోది పెద్దది, రెండోదాని కంటే మూడోది పెద్దది. చివరికి కారునే పక్కకు ఈడ్చుకుపోతుంది. మావాడి పిల్లలు ఆ రోజు దీన్ని ఇరవైసార్లు చేశారు. పెద్దపాప నాణేలను ఒక్కొక్క వేలెడు జరుపుతూ ఎక్కడ తిరగబడుతుందో పెన్సిల్‌తో గీత కూడా గీసింది.

ఏం జరుగుతోందంటే, తోక పక్కకు జరిగినప్పుడు టైరు తాను దొర్లే దిక్కుకీ, కదిలే దిక్కుకీ చిన్న కోణం చేస్తుంది. ఆ కోణం వల్ల రోడ్డు టైరును తిరిగి వరసలోకి తోస్తుంది. ఈ తోపు ఊపును అణచాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు బాగా అణుస్తుంది. వేగం పెరిగేకొద్దీ అణచే శక్తి తగ్గుతూ వస్తుంది. ప్రతి ట్రైలర్‌కీ, ప్రతి సర్దుబాటుకీ ఒక వేగం ఉంటుంది. అది దాటితే ఊపు తగ్గడానికి బదులు పెరగడం మొదలవుతుంది. బరువు ఇరుసుకు ముందుంటే ఆ హద్దు వేగం మీరు నడిపే వేగం కంటే చాలా పైన ఉంటుంది. బరువు వెనక్కి పోతే అది మీరు నడిపే వేగం కిందికి దిగొస్తుంది. డ్రైవర్‌కి ముందుగా ఏమీ తెలియదు. 60 మైళ్ల దగ్గర అంతా బాగానే ఉంటుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటి దాని గాలి ముందు తోసి, తర్వాత లాగితే చాలు.

నాకు తెలిసింది పుస్తకంలో చదివి కాదు. మొదటి ఏడాది మా నలుగురి సైకిళ్లనూ ట్రైలర్ వెనక బంపరు మీద కట్టాను. ఓక్లహోమాలో ఆర్బకిల్ కొండలు దిగుతుండగా లారీ ఒకటి దాటింది. అద్దంలో చూస్తే నా ట్రైలర్ ఎడమ గోడ కనిపించింది. వెంటనే కుడి గోడ. మూడో ఊపుకి ట్రక్కు వెనక చక్రాలు కీచుమన్నాయి. మా ఆవిడ పిల్లల వైపు చెయ్యి చాపింది. నా కాలు బ్రేకు మీదికి వెళ్లబోయి ఆగింది. అక్కడ బ్రేకు నొక్కి ఉంటే వెనక బరువు ట్రక్కును మడిచేసేది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, చేత్తో ట్రైలర్ బ్రేకులు మాత్రం వేశాను. తోక వెనక్కి లాగితే తాడు బిగిసినట్టు రెండు బళ్లూ ఒక వరసలోకి వస్తాయి. వచ్చాయి. రోడ్డు పక్కన ఆపి సైకిళ్లు విప్పి ట్రక్కు తొట్టిలో వేసుకున్నాం. చేతుల వణుకు తగ్గడానికి అరగంట పట్టింది.

సైకిళ్లు నాలుగూ కలిపి 120 పౌండ్లే. అంత తక్కువ బరువు అంత పని ఎలా చేసింది? రెండు రకాలుగా. ఒకటి, ఇరుసుకు దూరంగా వెనక ఉన్నాయి కాబట్టి తక్కెడ సూత్రంతో నొగను పైకి లేపాయి. రెండోది దూరం వర్గం ప్రకారం పనిచేస్తుంది. ఇరుసు నుంచి మూడడుగుల దూరంలో ఉన్న బరువు ఊపుకి ఇచ్చే పట్టుకి, అదే బరువు పన్నెండు అడుగుల దూరంలో ఉంటే పదహారు రెట్లు ఇస్తుంది. అందుకే నొగబరువు సరిగ్గా ఉన్నా, ముందు కొంత, వెనక కొంత బరువు పెట్టిన ట్రైలరు మంచిది కాదు. బియ్యం బస్తా, పప్పులు, నీళ్ల డబ్బాలు, ఇనప పెనాలు, కుక్కర్లు ఇరుసు మీదే, కింది అరల్లో ఉండాలి.

నీళ్ల ట్యాంకు సంగతీ చూసుకోవాలి. గాలను నీళ్లు 8.34 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నిండితే 334. ఆ ట్యాంకు ఇరుసుకు అయిదడుగుల వెనక ఉండి, నొగ నుంచి ఇరుసుకు పదహారడుగులుంటే, నీళ్లు నింపగానే నొగబరువు వంద పౌండ్లు పైగా తగ్గుతుంది. ఖాళీగా బాగా నడిచిన ట్రైలర్ నీళ్లు నింపాక మరో బండిలా ప్రవర్తిస్తుంది. కొనేముందు ట్యాంకు ఎక్కడుందని అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే కిందికి వంగి మీరే చూడండి.

*

నొగబరువు ట్రక్కుకి చేసే అసలు హాని ముందు చక్రాల దగ్గర కనిపిస్తుంది. గుండు వెనక ఇరుసుకి అయిదడుగుల అవతల ఉంటుంది. అక్కడ 840 పౌండ్లు వేలాడితే వెనక ఇరుసు మీద 840కి మించి పడుతుంది, ఎందుకంటే ముందు చక్రాలు కొంచెం పైకి లేస్తాయి. వెనక కూర్చున్నవాడు బరువైతే ముందువాడు పైకి లేచే ఊగుడుబల్ల లాంటిదే. స్టీరింగుకి పట్టు, బ్రేకుకి ఎక్కువ పని ఉన్నది ముందు చక్రాలకే. అవి తేలికైతే వానలో బండి మాట వినదు.

దీనికి మందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనే సాధనం. గుండు కింద రెండు ఉక్కు కమ్ములుంటాయి. వాటిని ట్రైలర్ చట్రానికి గొలుసులతోనో కొక్కేలతోనో బిగించి పైకి వంచుతారు. తోపుడుబండిని పిడులు పట్టి ఎత్తితే ముందు చక్రం నేలకు ఒత్తుకుంటుంది చూడండి, ఆ పనే ఇదీ చేస్తుంది. వెనక ఇరుసు మీది బరువులో కొంత ట్రక్కు ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ చక్రాలకూ చేరుతుంది. కొత్తగా కొన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఈ సాధనం ట్రక్కు మోసే సత్తాను పెంచుతుందనుకుంటారు. ఉన్న బరువును పంచుతుంది, అంతే. హద్దు హద్దే. దాని బరువు కూడా మోతబరువులోకే వస్తుంది.

మా మేనల్లుడు చివరికి ట్రక్కు మార్చాడు. అదే కంపెనీ, అదే ఇంజను, గుడ్డ సీట్లు, అద్దం పైకప్పు లేనిది. స్టిక్కరు మీద 1,950. ఆరుగురూ, హిచ్ కలిసి 830, నొగబరువు 840. తొట్టిలోని సామాను ట్రైలర్‌లో ఇరుసు పైకి వెళ్లింది. 280 పౌండ్లు ఇంకా చేతిలో ఉన్నాయి. అంతకు తక్కువ మిగులుతో నేనైతే బయల్దేరను.

ట్రైలర్ ఎంపికలో ఇంటి విషయాలు బోలెడుంటాయి, వాటిని ఎవరింటికి తగ్గట్టు వాళ్లే చూసుకోవాలి. నాకు ముఖ్యమనిపించేవి కొన్నే చెబుతాను. "ఎనిమిదిమంది పడుకోవచ్చు" అని రాసినంత మాత్రాన ఎనిమిదిమంది సామాను మోస్తుందని కాదు. ఖాళీ బరువు చూసి కొనకండి. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి ఆ బరువుతో ఏ ట్రైలరూ ఎప్పుడూ రోడ్డెక్కదు. దాని చట్రం గరిష్ఠంగా ఎంత మోయగలదో ఆ అంకె తీసుకుని లెక్క వేయండి. నేల మీద గది గదీ నడిచి చూడండి, ఎక్కడైనా కాలు మెత్తగా దిగితే కింద చెక్క తడిసి పుచ్చిందన్నమాట. ట్రైలర్లను చంపేది రోడ్డు కంటే ఎక్కువగా పైకప్పు అతుకుల్లోంచి దిగే నీళ్లే. ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ ఊరి చుట్టుపక్కలే అమెరికా ట్రైలర్లలో అత్యధిక భాగం తయారవుతాయి, కాబట్టి పేర్లు వేరైనా కట్టే తీరు, అతుకులు వేసే తీరు చాలావాటిలో ఒకేలా ఉంటాయి. ఇక మన వంట. మామూలు ట్రైలర్‌కి 30 ఆంపుల కనెక్షన్, అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిపి తిప్పితే కట్ అవుతుంది. పొయ్యి మీద గాలిని బయటికి తోసే ఫ్యాను నిజంగా గోడ దాటి బయటికి తోస్తుందో లేదో చూడండి. ఎండుమిరపకాయల తాలింపు ఆ ఇరవై అయిదు అడుగుల్లో రాత్రంతా ఉంటుంది.

ట్రక్కు కొనలేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. మన కుటుంబాల్లో ఎక్కువమంది దగ్గర ఉండే టొయోటా సియెన్నా, హోండా ఒడిసీ లాంటి మినీవ్యాన్లకు లాగుడు హద్దు 3,500 పౌండ్లు. కియా టెలురైడ్ లాంటి మూడు వరసల బండికి 5,000. వీటితో చిన్న ట్రైలర్లు హాయిగా లాగొచ్చు, నలుగురితో మాత్రమే. ఆరుగురైతే ఇక్కడా ముందు మోతబరువే అయిపోతుంది. పైగా చిన్నబండికి గాలి పెద్ద శత్రువు. ఎనిమిదడుగుల వెడల్పు గోడ గాలిని చీల్చుకుంటూ పోవాలి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 55 మైళ్ల నుంచి 65కి వెళ్తే 40 శాతం పెరుగుతుంది. ఇంజను పెట్టాల్సిన శక్తి 65 శాతం పెరుగుతుంది. 1936లో వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌ని విమానం పొట్టలాగా గుండ్రంగా, అల్యూమినియం రేకులు రివెట్లు కొట్టి చేసింది అందంకోసమే కాదు, ఆనాటి చిన్న ఇంజన్లు లాగాలని. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి ఇప్పటికీ హద్దు 55 మైళ్లే. చాలా ట్రైలర్ టైర్లకు వేరే వేగం ముద్ర లేకపోతే 65 మైళ్లే గరిష్ఠం. నేను ఎక్కడైనా 62 దాటను.

కొలరాడో వెళ్తున్నారు కాబట్టి కొండల గురించి మావాడితో విడిగా కూర్చున్నాను. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అక్కడికి చేరేసరికి మూడోవంతు పోతుంది. టర్బో ఉన్నది అంత కోల్పోదు. ఎక్కడం ఓపికతో అయిపోతుంది, దిగడమే శాస్త్రం. సొరంగం దాటాక సిల్వర్‌థోర్న్ వైపు ఎనిమిది మైళ్లలో 2,000 అడుగులకు పైగా దిగాలి. మావాడి బళ్లు రెండూ కలిసి 12,620 పౌండ్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే పుట్టే శక్తి నూరు లీటర్లకు పైగా మామూలు నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ వేడంతా అరచేయంత బ్రేకు మెత్తలకు పోతుంది. అవి కాలితే పట్టు పోతుంది. అందుకే పైనే చిన్న గేరు వేసి, ఇంజను చేత పట్టించుకుంటూ దిగాలి. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా బ్రేకు వేసి, బాగా తగ్గించి, వదిలేయాలి. మెత్తలకు చల్లారే సమయం దొరుకుతుంది. ట్రైలర్ బ్రేకులు వేరే ఉంటాయి, వాటిని నడిపే చిన్న పెట్టె డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి. బయల్దేరేముందు ఖాళీ మైదానంలో ఆ మీట ఒక్కటే వేసి, ట్రైలర్ ట్రక్కును ఆపుతోందో లేదో చూడాలి. ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా లాగే సన్న తీగ, నొగ కింద అడ్డంగా దాటేసి కట్టే రెండు గొలుసులు ప్రతి ఉదయం చూసుకోవాల్సినవి. అక్కయ్య తాళాలు వేశావా అని రెండుసార్లు అడిగినట్టే ఇదీ.

*

బయల్దేరే ముందురోజు తూచడానికి వెళ్లాం. హైవే పక్క లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు వేర్వేరు పలకల మీద నిలబడతాయి. ఒకే కాగితం మీద మూడు బరువులూ వస్తాయి. అందరూ ఎవరి సీట్లలో వాళ్లు కూర్చోవాలి, నీళ్లు నింపి ఉండాలి, ఫ్రిజ్‌లో పెరుగు కూడా ఉండాలి. రేపు ఎలా వెళ్తారో ఈరోజు అలాగే.

మొదట ట్రక్కు ఒక్కటే: ముందు 3,300, వెనక 2,820. తర్వాత ట్రైలర్ తగిలించి, కమ్ములు వదులుగా వదిలి: ముందు 2,960, వెనక 4,000, ట్రైలర్ 5,660. ట్రక్కు మీద పెరిగినది 840, అదే నొగబరువు. ముందు చక్రాలు 340 పౌండ్లు తేలికయ్యాయి. మేనల్లుడు కాగితం చూసి "వానలో ఇలా వెళ్లేవాణ్ణి," అన్నాడు మెల్లగా. కమ్ములు బిగించి మూడోసారి ఎక్కించాం: 3,200, 3,620, 5,800. మొత్తం రెండుసార్లూ 12,620. బరువు ఎక్కడికీ పోలేదు, ఉండాల్సిన చోటికి జరిగింది. పెద్దపాప మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి కూడికలు సరిచూసింది.

బావగారు కిందికి దిగి నొగ దగ్గరికి వెళ్లారు. అలవాటుగా చెయ్యి కింద పెట్టి ఎత్తబోయి, ఇనుము కదలక నవ్వి, అరచేత్తో దాన్ని రెండుసార్లు తట్టారు. "మొగ్గు ముందుకే ఉందిగా?" అని నన్ను అడిగారు. 840ని 6,500తో భాగించి చెప్పాను. ఆయన తల ఊపి, వెళ్లి తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.